గొంతుకు వేరే బ్యాటరీ

పొద్దున్నే షెడ్డు తెరవడం, బల్ల తుడవడం, పనిముట్లు సైజు వారీగా పేర్చడం, పక్క షాపువాడి పనిని ఒకసారి తిట్టుకోవడం వైరింగు పెద్దాయనకు రోజూ ఉండేదే. ఆ రోజు తిట్టు సగంలో ఉండగానే బ్యాటరీ దిగిపోయిన మైకు కారును నలుగురు తోసుకుంటూ తెచ్చారు.

కారు గలాయన పెద్దాయన చెల్లెలి మొగుడే. నీళ్లు ఎప్పుడొస్తాయో, బడి ఎప్పుడు తెరుస్తారో వీధివీధికీ చెప్పడం అతని పని. ఇంజను మోత మైకులో పడకూడదని కారు ఆపే చెబుతాడు. ఆంప్లిఫయరుతో పాటు అతని గొంతు కూడా కారు బ్యాటరీ మీదే నడుస్తుంది. కొందరి గొంతులు అంతే. సాయంత్రానికి బ్యాటరీ అడుగంటుతుంది. మిగిలిన కాస్తా తెల్లారి ఇంజను తిరగడానికి కావాలి. అందుకని ఇంట్లో నోరు మెదపడు. రాసి చూపిద్దామంటే భార్యకు చదువు రాదు. ఆమె ఏమడిగినా తల ఊపడమే. పదకొండేళ్లు.

ఆమె విసిగిపోయింది. మధ్యాహ్నం మూడింటి బస్సుకు పెద్దక్క దగ్గరికి పోతానంది. ఇక రానంది. అందుకే అతను కొత్త బ్యాటరీని చంటిబిడ్డలా ఎత్తుకుని వచ్చాడు.

పెద్దాయన అతనితో మాట్లాడడు. కారుతో మాట్లాడతాడు.

“చూడు కారూ,” అన్నాడు బానెట్ తట్టి, “ఏడేళ్ల కింద నేను వేసిన వైరు జాయింటు ఊడిందని బజారంతా మైకులో చెప్పిన పెద్దమనిషి వచ్చాడు. ఊడలేదు. ఎలక కొరికింది.”

అతను చేతులు జోడించి, కొత్త బ్యాటరీ పెట్టడానికి డిక్కీ చూపించాడు. రెండు బ్యాటరీలనూ తీగతో కలిపేస్తే చాలు కదా అన్నట్టు సైగ చేశాడు.

“కలిపేస్తే రెండూ ఒకేసారి చస్తాయి. బ్యాటరీలు తోడికోడళ్ల లాంటివి కారూ. కలిసి వండుకోవచ్చు కానీ ఒకరి పెట్టె ఒకరు తెరవకూడదు.” మధ్యలో ఐసోలేటరు బిగించాడు. ఇంజను తిరిగినప్పుడు రెండిటికీ చార్జింగు, ఆపగానే దేనిది దానికే. ఒకటి ఇంజనుకు, ఒకటి గొంతుకు.

రెండు గంటలకు చెల్లెలు సంచీతో వచ్చింది. “వెళ్లొస్తా అన్నయ్యా.”

“కూర్చో.” ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి. బెత్తెడు ఎక్కువొచ్చిందని వైరు కోసి మళ్లీ మొదలెట్టాడు.

“ఇంకెంతసేపు? బస్సు వచ్చేస్తుంది.”

“ఎర్త్ బోల్టు కింద ఇంకా రంగు ఉందని బస్సు డ్రైవరుకు చెప్పు.” ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకాడు. మూడవడానికి అయిదు నిమిషాలుండగా స్పానరు కింద పెట్టాడు. “కారూ, ఇక మాట్లాడమను.”

చెల్లెలు ముందు సీటులో కూర్చుంది. తలుపు తెరిచే ఉంచింది. ఒక కాలు రోడ్డు మీదే ఉంది. అతను తాళం సగం తిప్పి, దగ్గి, “నీలం,” అన్నాడు.

“ఏంటి నీలం?”

“పెళ్లయిన కొత్తలో పరదాలు ఏ రంగువి వేద్దామన్నావు. నీలం. చెవి కమ్మలు నప్పాయా అన్నావు. నప్పాయి. మీ అన్నయ్యకు సారీ చెప్పొచ్చు కదా అన్నావు. చెప్పను.”

“విన్నావా కారూ!” అన్నాడు పెద్దాయన.

“ఆస్పత్రి నుంచి మనం ఒట్టి చేతులతో వచ్చిన రోజు, ఇందులో నా తప్పేమైనా ఉందా అని అడిగావు.”

ఆమె అతని వైపు తిరిగింది. పెద్దాయన స్పానరు తుడవడం మొదలెట్టాడు.

“లేదు. నీ తప్పు రవ్వంత కూడా లేదు. ఆ రోజు బ్యాటరీలో చుక్క మిగల్లేదు.”

మలుపులో బస్సు ఆగింది. రెండుసార్లు హారన్ కొట్టింది. కాసేపు చూసి వెళ్లిపోయింది.

ఆమె రోడ్డు మీది కాలు లోపలికి తీసుకుని తలుపు వేసింది.

“ఆ తర్వాత ఏమడిగాను?” అంది.