ముందువాడు చెయ్యి చూపితేనే

పెళ్లయిన ఇరవై నాలుగో ఏట, నవంబరులో ఒక శుక్రవారం, చేపల వేపుడు తిని చేతులు తుడుచుకున్నాక, తాను ఇల్లు వదిలి వెళ్లిపోతున్నానని లైల్ బ్రాండ్‌వోల్డ్ భార్యతో చెప్పాడు. షెబోయ్‌గన్ ఊళ్లో ఒకామె ఉందనీ, రెండేళ్ల నుంచీ ఉందనీ చెప్పాడు. డార్లా "సరే" అంది. పళ్లేలు తీసి కడిగి, తుడిచి, బీరువాలో సర్దింది. అతను కాసేపు వంటింటి గుమ్మంలో నిలబడి, తర్వాత పైకి వెళ్లి బట్టలు సర్దుకున్నాడు.

ఏడుపు రేపొస్తుందేమో అనుకుంది ఆమె. రాలేదు. క్రిస్మస్‌కీ రాలేదు. కాఫీ వేడిగా ఉందని తెలిసేది గానీ రుచి తెలిసేది కాదు. రోజూ పొద్దున్నే స్కూలు బస్సు నడిపి, తొమ్మిదికి ఇంటికొచ్చి, మళ్లీ రెండున్నరకు వెళ్లేది. ఇరవై ఏడేళ్లుగా ఆ పసుపు బస్సే, ఆ కౌంటీ రోడ్లే. ఆ మధ్య ఐదున్నర గంటలూ ఎలా గడిచేవో ఆమెకే తెలియదు. ఒక్కోసారి కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చునే ఉండేది.

విడాకుల పంపకాల రోజున లైల్ కాగితాల మీద గబగబా సంతకాలు పెట్టాడు. చెరువు దగ్గరి కాబిన్, పడవ, ట్రక్కు అతనికి. ఇల్లు, షెడ్డు, షెడ్డులో ఉన్న సామాను ఆమెకు. ఆ సామానులో పన్నెండేళ్ల కిందట అతనే తెచ్చి, నీలం టార్పాలిన్ కప్పి వదిలేసిన 1970 చెవెల్ కారు ఉందన్న సంగతి అతనికి తట్టలేదు. డార్లాకూ తట్టలేదు.

దాన్ని బయటికి తీసింది ఎల్రాయ్ షుస్టర్. ఊళ్లో నలభై ఏళ్లు ఇంజిన్ల పని చేసి, ఆ మధ్యే దుకాణం మూసేసిన మనిషి. ఒక చెవి పూర్తిగా పోయింది, అందుకని లోకమంతా చెవిటిదే అన్నట్టు మాట్లాడతాడు. ఇంజిన్లు పైకెత్తే క్రేను ఒకటి ఎప్పుడో లైల్‌కి ఎరువిచ్చాడట, దాన్ని తీసుకుపోదామని ఫిబ్రవరిలో వచ్చాడు. దానికోసం వెతుకుతూ టార్పాలిన్ లేపాడు.

"ఇదేంటి డార్లా, దీన్ని ఎలకలకి అద్దెకిచ్చావా?"

"లైల్‌ది."

"లైల్‌ది ఎట్లా అవుతుంది, నీ షెడ్డులో ఉంటేనూ? అమ్మేస్తావా?"

ఆమె దగ్గరికి వెళ్లి చూసింది. అడుగున తుప్పు, సీట్లలో ఎలుకల గూళ్లు, బానెట్ కింద సగం విప్పి వదిలేసిన ఇంజిన్. "ఇది విప్పాలంటే ముందు ఏది విప్పాలి?" అని అడిగింది.

ఎందుకడిగిందో ఆమెకు తెలియదు. చేతులకు పని దొరుకుతుందని కావచ్చు. ఎల్రాయ్ ఆమె ముఖంలోకి చూసి, జేబులోంచి రెంచి తీసి ఇచ్చాడు. ఆ రోజు క్రేను తీసుకుపోలేదు.

అలా తొమ్మిదికీ రెండున్నరకీ మధ్య ఆ కారు వచ్చి చేరింది. మార్చి నాటికి అది ఒట్టి డొల్ల. పాత ఇంజిన్ ఇనుప ముద్ద. దాన్ని తీసేసి, ప్రమాదంలో నుజ్జయిన ఒక కొత్త ట్రక్కు నుంచి అల్యూమినియం ఇంజిన్ తెచ్చారు. ముందు చక్రాల మీద బరువు తగ్గాలని దాన్ని రెండంగుళాలు వెనక్కి జరిపి కూర్చోబెట్టారు. ఆరు గేర్ల పెట్టె, పిజ్జా పళ్లేలంత బ్రేకు డిస్కులు, గట్టి స్ప్రింగులు. ముందుకు సాగిపోవడం తప్ప మలుపు తిరగడం ఎరగని కారు అది.

"ఆ రోజుల్లో వీటిని ఒక సిగ్నల్ దీపం నుంచి ఇంకో సిగ్నల్ దీపం దాకా పరిగెత్తించడానికి చేశారు. మలుపొస్తే దేవుడి మీద భారం వేసేవాళ్లు," అన్నాడు ఎల్రాయ్. "మనం దీనికి వంగడం నేర్పుతున్నాం. ముసలివాళ్లకి డాన్సు నేర్పినట్టే."

డార్లా నవ్వలేదు. ఆమె నవ్వాలని ఎల్రాయ్ కూడా ఎదురుచూడలేదు. అందుకే అతనితో పని చేయడం ఆమెకు కష్టం అనిపించలేదు.

కారు లోపల గొట్టాలతో పంజరం కట్టాలి. బోల్తా పడితే పైకప్పు నెత్తిమీద కూలకుండా కాపాడేది అదే. వెల్డింగు ఆమె చేత్తోనే చేయించాడు ఎల్రాయ్. నెల రోజులు పనికిరాని ఇనుప ముక్కల మీద అతికించడం నేర్పి, అప్పుడు కారులోకి దూరనిచ్చాడు. ఒకరోజు ఆమె వెనక సీటు చోట ముడుచుకుని పడుకుని మూలలో అతుకు పెడుతోంది. అతుకు సాఫీగా వస్తోంది. ఏదో మాడుతున్న వాసన వస్తే, పాత రబ్బరు ఎక్కడో మిగిలిందనుకుంది.

"డార్లా, ఆపు."

ఆమె ఆపలేదు, అతుకు ఇంకో అంగుళం ఉంది.

"డార్లా, నీ చెయ్యి."

చూసుకుంది. చొక్కా కాలి, మోచేతి కింద చర్మం తెల్లగా ఉబ్బి ఉంది. నిప్పురవ్వ ఎప్పుడో పడినట్టుంది. ఎల్రాయ్ మిషను కట్టేసి, ఆమెను తొట్టి దగ్గరికి తీసుకెళ్లి, చల్లటి నీళ్ల కింద చెయ్యి పట్టి నిలబడ్డాడు. మొట్టమొదటిసారి గొంతు తగ్గించి అడిగాడు.

"నొప్పి లేదా?"

"ఉందనుకుంటా," అంది ఆమె.

అతను పదిహేను నిమిషాలు నీళ్లు వదిలే ఉంచాడు.

రెండు చలికాలాలు పట్టింది. కారుకు రంగు వెయ్యలేదు, బూడిదరంగు అడుగుపూత అలాగే ఉండిపోయింది. "రంగెందుకు? లోపలున్నవాళ్లకి కనిపించదు," అంది డార్లా. మే నెలలో దాన్ని ట్రెయిలరెక్కించి, గంటన్నర దూరంలోని ట్రాకుకు తీసుకెళ్లారు. అది పందెం కాదు. ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని, గుంపులు గుంపులుగా ఇరవై నిమిషాల చొప్పున తిప్పుకోవడం. కొత్తవాళ్ల పక్కన ఒకరు కూర్చోవాలి. ఆమె పక్కన ఎల్రాయ్ కూర్చున్నాడు.

మొదటి రోజు అయ్యాక అతను హెల్మెట్ తీసి తల గోక్కున్నాడు. "నీ బస్సులో పిల్లలు నిద్రపోతారా?"

"కిండర్‌గార్టెన్ వాళ్లు పోతారు."

"పోతారు మరి. నా కడుపులో కాఫీ కూడా కదల్లేదు. నువ్వు బ్రేకు తొక్కినట్టే తెలియదు, కానీ కారు ఆగుతోంది. ఇది నేర్పితే వచ్చేది కాదమ్మాయ్."

అందరూ ఆమెను మెచ్చుకున్నారు. ఆమె థాంక్స్ చెప్పి, టైర్లలో గాలి చూసుకుంది. కారు ఎంత వేగం అందుకున్నా, లోపల ఆమెకు ఏదీ కదలలేదు. మీటర్ల సూదులు చూసింది, ట్రాకు పక్క గుర్తులు చూసింది, చెయ్యాల్సింది చేసింది. ఆగస్టులో ఆమెకు ఒంటరిగా నడిపే అనుమతి ఇచ్చారు.

సెప్టెంబరులో ఒక శనివారం, బ్రాట్‌వర్స్ట్ సాసేజీలు కాలుస్తున్న గుడారం దగ్గర ఆమెకు లైల్ కనిపించాడు. సన్నబడ్డాడు. గడ్డం పెంచాడు. కొత్తగా కొన్న ఎర్రటి స్పోర్ట్స్ కారు పక్కన నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి చెయ్యెత్తబోయి, ఆమె వెనక ఉన్న బూడిదరంగు కారును చూసి ఆగిపోయాడు.

"అది... మన షెడ్డులోదేనా?"

"అదే."

"దాని సంగతే మర్చిపోయాను, డార్లా."

"తెలుసు."

అతను కారు చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. పంజరం గొట్టాల్ని వేలితో తట్టి చూశాడు. "ఇదెవరు కట్టారు?"

"నేను."

"నువ్వా?"

"ఆవిడే," అన్నాడు ఎల్రాయ్, కుర్చీలోంచి లేవకుండా, మైదానమంతా వినబడేలా. "కావాలంటే గుద్ది చూడు, నీ తలకాయే పగుల్తుంది."

డార్లా, లైల్ ఒకే గుంపులో పడ్డారు. బయల్దేరే ముందు మీటింగులో రూలు మళ్లీ చెప్పారు. తిన్నని దారిలో తప్ప దాటకూడదు. అక్కడైనా, ముందు కారువాడు కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, ఇటు పొమ్మని వేలు చూపితేనే దాటాలి. చూపకపోతే వెనకే ఉండాలి.

రెండో చుట్టులోనే డార్లా ఎర్ర కారును అందుకుంది. తిన్నని దారిలో అది దూరంగా పోయేది. మలుపుల్లో లైల్ భయపడి ముందే నెమ్మదించేవాడు, ఆమె మళ్లీ అతని వెనక చక్రాల దగ్గరికి వచ్చేసేది. అతని అద్దంలో తన కారు ముక్కు తప్ప ఇంకేమీ కనబడదని ఆమెకు తెలుసు. అతను చెయ్యి చూపలేదు. ఇంకో చుట్టు తిరిగారు. చూపలేదు. ట్రాకు పక్కనున్న జెండా మనిషి లైల్‌కి నీలం జెండా ఊపాడు, వెనకాల ఉన్నవాళ్లకి దారివ్వమని. అతను చూడలేదో, చూడనట్టు పోయాడో.

తనకు కోపం రావాలి కదా అనుకుంది డార్లా. అక్టోబరులో కోత యంత్రం వెనక బస్సు పోతున్నప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. అది ఎప్పుడో పక్కకు తిరుగుతుంది, అంతే.

ఐదో చుట్టులో, వెనక వైపు తిన్నని దారిలోకి రాగానే ఎర్ర కారు కాస్త కుడికి జరిగింది. కిటికీలోంచి చెయ్యి బయటికొచ్చింది. వేలు ఎడమకు చూపింది. ఇరవై నాలుగేళ్లు తన బల్ల మీద ఉప్పు అందుకున్న చెయ్యి. గ్లవ్ తొడుక్కోలేదు. గాలికి చొక్కా చెయ్యి కొట్టుకుంటోంది.

ఆమె పెడల్ అదిమింది. ఇంజిన్ హోరెత్తింది. ఎర్రరంగు ఆమె కుడిపక్క నుంచి వెనక్కి జారిపోయింది. ముందు దారి ఖాళీ.

ఇప్పుడు ఏదో ఒకటి రావాలి. సంతోషమో, కసి తీరిన సుఖమో, చివరికి ఏడుపైనా. తన లోపలికి తొంగిచూసుకుంది, ఖాళీ గదిలోకి చూసినట్టు. అలా చూస్తూ బ్రేకు తొక్కాల్సిన గుర్తు దాటిపోయింది.

మలుపు ఎదురుగా ఉంది. తొక్కింది. వెనక చక్రాలు పట్టు వదిలాయి. ఆకాశం, గడ్డి, అడ్డంగా పేర్చిన టైర్ల గోడ, మళ్లీ ఆకాశం. కారు రెండు సార్లు గిర్రున తిరిగి, గడ్డి దున్నుకుంటూ పోయి, గోడకు ఇరవై అడుగుల దూరంలో ఆగింది. ఇంజిన్ ఆగిపోయింది. ఎర్ర కారు పక్కనుంచి వెళ్లిపోయింది.

నిశ్శబ్దంలో ఒక మిడత బానెట్ మీదకు ఎగిరి కూర్చుంది. డార్లా స్టీరింగు మీంచి చేతులు తీసింది. అవి వణుకుతున్నాయి. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నోట్లో రాగి నాణెం నాకినట్టు చేదు. ఇదేమిటో గుర్తుపట్టడానికి ఆమెకు కొంచెం సేపు పట్టింది.

జెండా మనిషి దూరం నుంచి బొటనవేలు ఎత్తి, బాగున్నావా అని సైగ చేశాడు. ఆమె బొటనవేలు ఎత్తింది. ఇంజిన్ రెండోసారికి పలికింది. నెమ్మదిగా తోలుకుంటూ బయటికొచ్చింది.

ఎల్రాయ్ పరుగులాంటి నడకతో ఎదురొచ్చాడు. "ఏమైంది?"

"భయమేసింది," అంది డార్లా, ఊరి కబురు చెప్పినట్టు.

"వెయ్యదా మరి? టైర్ల గోడ మీదకే పోతివి."

"చాలా భయమేసింది, ఎల్రాయ్."

అతను మడత కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేదు. మోకాళ్ల మీద కూర్చుని, కారు ముందు జాలీలో ఇరుక్కున్న గడ్డి పరకల్ని ఒక్కొక్కటే లాగడం మొదలుపెట్టింది.

సెషను అయ్యాక లైల్ హెల్మెట్ చంకన పెట్టుకుని వచ్చాడు. "దెబ్బ తగిలిందా?"

"లేదు."

"ముందే దారివ్వాల్సింది. అద్దంలో నువ్వు కనిపిస్తుంటే చెయ్యి రాలేదు." హెల్మెట్ కింద పెట్టాడు. "ఆ రోజు నువ్వు 'సరే' అన్నావు. అంతే. గిన్నెలు కడిగావు. నేను గుమ్మంలో నిలబడ్డాను, నువ్వేదైనా అంటావని. పళ్లెం విసిరి కొట్టినా బాగుండేది."

"విసిరితే ఉండేవాడివా?"

అతను ఆలోచించాడు. ఆలోచించినందుకు ఆమెకు అతని మీద గౌరవం కలిగింది.

"లేదు," అన్నాడు.

"మాటలు దొరకలేదు, లైల్. ఇప్పటికీ దొరకలేదు."

"ఆ కారు అమ్ముతావా?"

"అమ్మను."

అతను తలూపి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం కంటే ముందే ఎర్ర కారు గేటు దాటిపోవడం ఆమె చూసింది. ఏమీ అనిపించలేదు.

మధ్యాహ్నం మూడింటి సెషనుకు ఎల్రాయ్ పెదవి విరిచాడు. "ఇవాళ్టికి చాలనుకో. చూసినవాళ్లెవరూ తప్పు పట్టరు."

"వెళ్తాను."

బెల్టులు బిగించుకుని వెళ్లింది. తిన్నని దారి చివర, ఆ గుర్తు కంటే చాలా ముందే బ్రేకు తొక్కింది. అయినా భయమేసింది. రెండో చుట్టులో కొంచెం ఆలస్యంగా తొక్కింది, మళ్లీ భయమేసింది. మూడో చుట్టులో ఒక తెల్ల కారు వెనక నుంచి దూసుకొచ్చింది. డార్లా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి దారి చూపింది. గాలి అరచేతిని చల్లగా, గట్టిగా వెనక్కి నెట్టింది. తెల్ల కారు దాటిపోయాక కూడా, అవసరం లేకపోయినా, మలుపు వచ్చేదాకా చేతిని అలాగే ఉంచింది.