బార్లీ చేలో దిగిన శిలువ

మా మఠాధిపతి కోనల్ గారికి దేవుడి సంకేతాలు ఇట్టే అర్థమైపోతాయి. అవన్నీ మఠానికి లాభం వైపే చూపిస్తుంటాయి, అది వేరే సంగతి.

మఠం పునీతుడి పేరున శిల్పి ఎర్నన్ మూడేళ్లు చెక్కిన రాతి శిలువను ఎడ్లబండి మీద మఠానికి తెస్తుంటే, సరిగ్గా నా చేను పక్కన ఇరుసు విరిగింది. శిలువ జారి నా బార్లీలో పడింది. ఎర్నన్ పరుగున వచ్చి రాయంతా తడిమి, ఎక్కడా బీట పడలేదని తెలిశాక కూలబడి ఏడ్చాడు. కోనల్ గారు మాత్రం కళ్లు మూసుకుని, తెరిచారు.

"మన పునీతుడు ఇక్కడే ఆగాడు! ఇక దీన్ని ఎవరూ కదిలించలేరు."

"ఆగింది పునీతుడు కాదు అయ్యగారూ, బండి," అన్నాను.

"నీకు విశ్వాసం తక్కువ, డెర్బిల్."

శిలువను అక్కడే నిలబెట్టారు. మా ఐర్లండులో శిలువ ఎక్కడుంటే మఠం హద్దు అక్కడిదాకా. వారంలోగా చేనూ గుడిసే ఖాళీ చెయ్యమని కబురొచ్చింది. పంట కూడా పునీతుడిదేనట. మా ఆయన పోయాక నాకూ ఇద్దరు ఆడపిల్లలకూ గంజి పోసేది ఆ చేనొక్కటే. కడుపు మండిపోయింది.

పిల్లలతో, కోళ్లతో వెళ్లి శిలువ మొదట్లో కూర్చున్నాను. గెంటడానికి నలుగురు సన్యాసులొచ్చారు.

"శిలువ దగ్గర శరణు జొచ్చినవాళ్లను రాజు కూడా ముట్టుకోకూడదని మొన్న ఆదివారం చెప్పింది మీ అయ్యగారే కదా నాయనా? ముట్టుకోండి చూద్దాం."

వాళ్లు వచ్చిన దారినే వెళ్లిపోయారు. శరణన్నవాళ్లకు మఠమే తిండి పెట్టాలి కాబట్టి రొట్టె, వెన్న వచ్చాయి. వెన్న సంగతి ఊరంతా పాకింది. మర్నాడు ఒక ఆవుల దొంగ వచ్చి పక్కన చేరాడు. ఆ తర్వాత అన్నదమ్ముల తలలు పగలగొట్టినవాడొకడు. పదో రోజుకు పదిహేడుమందిమయ్యాం.

"అక్కా, వెన్న ఇంకాస్త ఉప్పగా ఉంటే బాగుండు," అన్నాడు ఆవుల దొంగ.

పదకొండో రోజు కోనల్ గారికి కలొచ్చింది. పునీతుడికి చేలో గాలి పడటం లేదట, మఠం వాకిట్లోకి వస్తానన్నాడట. ఎవరూ కదిలించలేని శిలువ పన్నెండు ఎడ్లతో మధ్యాహ్నానికల్లా వెళ్లిపోయింది. దాని వెనకే దొంగలూ వెళ్లారు. హద్దు కూడా వెళ్లింది.

బార్లీలో సగం ఎడ్ల కాళ్ల కింద నలిగిపోయింది. మిగిలిన సగం నేనూ పిల్లలూ కలిసి కోసుకున్నాం.