ఇరవైఒకటో పండు

ఆ మామిడిచెట్టును ఎవరైనా ఒక్క మాట అంటే వసంతమ్మ పొద్దంతా మూతి ముడుచుకునేది. అలాంటిది కొడుకు ధనంజయ ఏకంగా కొట్టించేస్తానన్నాడు. చిత్తూరు దగ్గర వాళ్ల తోటంతా తోతాపురి అంటుచెట్లే, ఇదొక్కటే టెంక నుంచి మొలిచిన నాటుచెట్టు.

“మూడు పండ్లు తిని సూసినా, మూడూ పులుపే. ఆ తావులో మంచి అంట్లు నాటుకోవచ్చు గదమ్మా,” అన్నాడు.

ఆ టెంక, నడక నేర్చిన ఏట వీడే చీకి పారేసింది. గుర్తు చేసినా వినే రకం కాదు. వసంతమ్మ మాత్రం తక్కువ తిన్నదా? చిటారుకొమ్మన పసుపు తిరిగిన పండ్లు మూడు ఏరి కోయించి, “ఇవి తినరా,” అంది. తేనెలా ఉన్నాయి.

కాలేజీలో స్టాటిస్టిక్స్ చదివే మనవరాలు లోకేశ్వరి నవ్వింది. “నాయన చేతికందినవి తెచ్చినాడు, నువ్వు ఏరి తెచ్చినావు. అవి లెక్కకు రావవ్వా. చీటీలేసి, ఏ కొమ్మ పేరొస్తే ఆ కొమ్మన కోయాల.”

అలాగే ఇరవైఒక్క కాయలు కోసి గడ్డిలో మాగేశారు. తియ్యనివి ఎక్కువైతే చెట్టు ఉంటుంది, పుల్లనివి ఎక్కువైతే పోతుంది.

“వాడే తిని చెప్పనీ. నా నోరు మీరు నమ్మరు,” అంది వసంతమ్మ.

ధనంజయ తింటూ పోయాడు. ఇరవై అయ్యేసరికి తియ్యనివి పది, పుల్లనివి పది.

“ఇంత జేసినా తప్పు రావచ్చునా పాపా?” అడిగింది వసంతమ్మ.

“రావచ్చవ్వా. ఇంకో ఇరవై కోస్తే ఇంకో లెక్కొస్తాది. ఎక్కువ కోసేకొద్దీ తేడా తగ్గుతాది. చెట్టంతా తింటే గాని పూర్తిగా పోదు.”

ధనంజయ ఆఖరి పండు కొరికాడు. ఎడమ కన్ను గట్టిగా మూసుకుపోయింది. చిన్నప్పుడు చింతకాయ తిన్నా వాడికి అంతే. వసంతమ్మ తల దించుకుంది.

“తియ్యగుండాది,” అన్నాడు.

“నాయనా, కన్ను మూసినావే,” అంది లోకేశ్వరి.

“లెక్కలో కొంచెం తప్పుంటాదని నువ్వే అంటివి గదా.”

వసంతమ్మకు కొడుకు మీద ప్రేమ పొంగుకొచ్చింది. వాడి చేతిలో మిగిలిన ముక్క లాక్కుని నోట్లో వేసుకుంది. పులుపుకు పళ్లు జివ్వుమన్నాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

“తేనె,” అంది.