దొరగారున్న గాజుతొట్టి

నేను ఒక గాజుతొట్టిని. గాజు కదా, పాపం, అని ఎవరైనా జాలిపడబోతే ముందే చెబుతున్నాను: ఇన్నేళ్లలో నేను ఎక్కడా పగల్లేదు. విశాఖపట్నంలో ఒక చిన్న దుకాణంలో ఐదు పలకలు అతికించి నన్ను తయారుచేశారు. మొదట ఒక పళ్ల డాక్టరు కొన్నాడు. నాలో చేపలు తిరిగేవి. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్లు వాటిని చూస్తూ ధైర్యం తెచ్చుకునేవాళ్లు. లోపలి గదిలోంచి కేక వినపడగానే ఆ ధైర్యం కాస్తా జారిపోయేది.

ఆయన ఆసుపత్రికి కొత్త హంగులు చేయించుకున్నప్పుడు నన్ను అమ్మేశాడు. గోపాలపట్నం కుర్రాడు తరుణ్ కొని, ఇసుక పోసి, ఒక బియర్డెడ్ డ్రాగన్ పిల్లను నాలో వదిలాడు. గడ్డం దగ్గర ముళ్లున్న తొండలా ఉంటుంది. స్నేహితులందరికీ చూపించాడు, ఫొటోలు తీశాడు. తర్వాత బైకు కొనుక్కున్నాడు, దీని మొహం చూడడం మానేశాడు. మేత పెట్టే పని వదిన దమయంతి మీద పడింది. ఆమె ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడుతుంది.

"దొరగారు లేచారేటి?" అని అత్తగారు వరహాలమ్మ రోజూ వెక్కిరించేది. దానికి ఆ పేరే నిలిచిపోయింది.

చలికాలం వచ్చేసరికి దొర నిజంగానే లేవడం తగ్గించింది. ఒక మూల కళ్లు మూసుకుని పడుకునేది. ఇదివరకు మేతకు వేసిన కీచురాయి కదిలితే చాలు, ఎగిరి పట్టేది. ఇప్పుడా పురుగు ముక్కు ముందు నుంచి నడిచి వెళ్లినా తల తిప్పడం లేదు. ఒళ్లు మసకబారింది. దమయంతి ఎండ తగులుతుందని నన్ను కిటికీ దగ్గరికి జరిపింది. ప్రయోజనం లేదు.

"అది సచ్చిపోద్దే. ఎదర తుప్పల్లో ఒగ్గేయ్, దాని బతుకు అది బతుకుతాది," అంది వరహాలమ్మ.

"కాకులు తన్నుకుపోతాయత్తా. తెచ్చుకున్నది మనం. నేను ఒగ్గను."

తరుణ్ ఫోనులోంచి తల ఎత్తకుండా, "చలికి అవి నిద్రపోతాయి వదినా, నెట్‌లో ఉంది," అన్నాడు.

ఆమె ఎవరి మాటా వినలేదు. అట్టపెట్టెలో తువ్వాలు పరిచి, దొరను పడుకోబెట్టి, పశువుల డాక్టరు దగ్గరికి బస్సెక్కింది. తిరిగొచ్చాక అత్తగారికి చెబుతుంటే నేనూ విన్నాను.

"ఈ వయసు పిల్లకి అలాంటి నిద్ర ఉండదంటత్తా. కడుపులో పురుగులున్నాయి. వేడి చాలక తిన్నది అరగట్లేదు. కిటికీ ఎండ చూపుకే ఎండంట. ఎముకలకి కావాల్సిన కిరణాల్ని గాజు ఆపేస్తాదంట."

ఇద్దరూ నాకేసి చూశారు. సిగ్గుపడతాననుకున్నారేమో, నేను పడలేదు. గాజు గాజులా ఉన్నందుకు తప్పుపట్టడం మనుషులకే చెల్లింది.

దమయంతి మాత్రం తప్పులెంచుతూ కూర్చోలేదు. దొర మింగేస్తుందని ఇసుకంతా తీసేసి కాగితాలు పరిచింది. నా మూత తీసి ఇనుప జాలీ వేసింది. ఒక చివర బండముక్క పెట్టి దాని పైన వేడిదీపం వేలాడదీసింది. రెండో చివర చల్లగా వదిలేసింది. డాక్టరు చెప్పిన ప్రత్యేకమైన ట్యూబ్‌లైటును, మధ్యలో గాజు అడ్డం లేకుండా, నా లోపలే బిగించింది. దొరకు గోరువెచ్చని నీళ్లలో స్నానం చేయించేది, పెదవి మీద మందు చుక్క వేసి అది నాకేదాకా ఆగేది.

పక్కవీధి ఆవిడ వచ్చి, "తొండ కోసం నా జాకెట్టు ఆపేశావా?" అని గొడవపడింది.

"ఆపానండీ. జాకెట్టు రేపటికీ ఉంటాది. ఇది ఉండకపోవచ్చు."

అయినా దొర తినలేదు. ఒక మధ్యాహ్నం దమయంతి మిషను మీద తల ఆనించి ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ నీళ్లు కాచింది.

మరికొన్నాళ్లకు దొర తనంతట తానే బండ ఎక్కింది. వరహాలమ్మ పక్కనే కూర్చుని మునగాకు దూస్తోంది. జాలీ కాస్త ఎత్తి ఒక రెమ్మ నాలోకి విసిరి, "తింటే తిను, లేపోతే మానీ," అంది. దొర ఒక కన్ను తెరిచింది. నాలుక చాపి ఆకును తాకింది. తర్వాత నోట పట్టి లాగింది.

"దమయంతీ! తిన్నాడే! మన దొర తిన్నాడే!" అని ముసలావిడ దూసిన ఆకంతా నేల మీద పారబోసుకుంటూ లేచింది.

దొర ఒంటికి పసుపు రంగు తిరిగొచ్చాక తరుణ్‌కి మళ్లీ అది కనపడింది. "మా ఫ్రెండు అడుగుతున్నాడు వదినా, ఇచ్చేద్దాం," అన్నాడు.

దమయంతి కత్తెర కింద పెట్టేలోపే వరహాలమ్మ మాట అందుకుంది. "ఇచ్చేయడానికి నువ్వెవడివిరా? పడుకున్నప్పుడు ఒక్కసారి లేపావా? పో, నీ బైకు ఇచ్చుకో."

దొర పెరిగింది, నాలో పట్టలేదు. దానికి కొయ్యతో పెద్ద గూడు చేయించి నన్ను బాల్కనీలోకి మార్చారు. పాతసామాన్లవాడు వచ్చి నన్ను వేలితో తట్టి, "ఇంక దీంతో పనేటమ్మా?" అన్నాడు. దమయంతి అప్పటికప్పుడే నాలో మట్టి నింపి మెంతులు చల్లింది. నిన్న మొలకలొచ్చాయి. వాడు మళ్లీ వస్తే రానివ్వండి. నేను ఖాళీగా లేనని చెప్పండి.