నబీ నమ్మిన గోడ

మా గల్లీలో రోడ్డు మీదికి ఇళ్లు జరిపినవాళ్ల మీద నేను పదకొండు దరఖాస్తులు పెట్టాను. ఈ ఉపేందర్‌రావు వచ్చాడంటే మున్సిపల్ ఆఫీసులో అటెండరు కూడా లేచి కుర్చీ వేస్తాడు. అది గౌరవమో, పీడ తొందరగా వదలాలనో నేనెప్పుడూ అడగలేదు.

మొన్న బుధవారం పొద్దున మా ఇంటి ముందు మంచినీళ్ల పైపు పగిలింది. సిమెంటు రోడ్డు నాలుగు చోట్ల నెర్రెలిచ్చి నీళ్లు ఉబుకుతున్నాయి. పక్కనున్న దవాఖానకు చుక్క నీరు లేదు. ఇంజినీరు శ్రేయ జేసీబీ అయితే తెప్పించింది గానీ, కింద పైపు ఎక్కడుందో, కరెంటు కేబుల్ ఎక్కడుందో ఆ పిల్లకేం తెలుసు? భూమిలోపల ఏముందో చూపే మిషన్ శ్రీరాంపూర్ పనికి పోయిందట, ఎల్లుండి వస్తుందట. అక్కరకు రాని మిషన్ తగలెయ్యనా అని గట్టిగానే అన్నాను.

చివరికి గులాం నబీని పిలిపించారు. ఇరవై ఏళ్ల కింద మా గల్లీలో పైపులేసిన ఫిట్టరు, ఇప్పుడు రిటైరయ్యాడు. జేసీబీ మీద కూర్చున్నది అతని కొడుకు షారుఖే. నబీ తన పాత నోటుబుక్కు తెరిచి చదివాడు.

"ఉపేందర్‌రావు సాబ్ గోడకెల్లి ఎనిమిది ఫీట్లకు నీళ్ల పైపు. పన్నెండు ఫీట్లకు కరెంటు కేబుల్."

ఆరేళ్ల కింద కారు పెట్టుకోవడానికి ఆ గోడను నేనే నాలుగడుగులు రోడ్డు మీదికి జరిపాను. ఇప్పుడున్న గోడ నుంచి ఎనిమిది అడుగులు కొలిస్తే సరిగ్గా కేబుల్ నెత్తిన తవ్వుతారు.

"గీ గోడ పాతదేనా?" అని శ్రేయ అడిగింది.

"గీ గల్లీల అందరి గోడలు జరిగినయి మేడం. రావు సాబ్ గోడ ఒక్కటే జరగలే," అన్నాడు నబీ. "అందరి మీద కాయిదాలు పెట్టే మనిషి, ఆయన జరుపుతడా?"

ఎనిమిది అడుగులు కొలిచి సున్నంతో గీత గీశాడు. కేబుల్ ఇంకో నాలుగడుగులు అవతల ఉందన్నాడు.

"అయితే కరెంటు బంద్ చేసుడెందుకు? దవాఖానల ఆపరేషన్ నడుస్తున్నది," అంది శ్రేయ.

నోరు తెరిస్తే పదకొండు దరఖాస్తులూ నా మొహానే కొడతారు. ఎదురింటి సంతోష్‌రావైతే మిఠాయిలు పంచుతాడు. షారుఖ్ హుషారైనవాడు, మెల్లగా తవ్వుతాడులే అని నాకు నేనే చెప్పుకున్నాను. థూ, నాదీ ఒక బతుకేనా!

నా భార్య ప్రమోదిని గేటు దగ్గరికొచ్చి చెవిలో అంది. "పిల్లల తండ్రి ఆ షారుఖ్. మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?"

"చెప్త, జర ఆగు."

"నేనాగుత. జేసీబీ ఆగుతదా?"

అప్పటికే బకెట్ పైకి లేచింది.

"ఆపుర్రా!" అని అరిచాను. "గోడ జరిగింది! నేనే జరిపిన, నాలుగు ఫీట్లు!"

ఇంజను ఆగింది. గల్లీ గల్లీ అంతా నన్నే చూసింది. సంతోష్‌రావు మాత్రం నవ్వలేదు, అదే ఇంకా పొడిచింది.

దవాఖాన జనరేటరు మీదికి మారాక శ్రేయ కరెంటు బంద్ చేయించి, గీత ఉన్నచోట గడ్డపారతో జాగ్రత్తగా తవ్వించింది. మూడడుగుల లోతులో, సరిగ్గా గీత కింద, నల్లటి కేబుల్ తేలింది. షారుఖ్ దాన్ని చూసి నేల మీద కూలబడ్డాడు.

"గీ గీత నేనే గీసిన సాబ్," అన్నాడు నబీ. సున్నం అంటిన చేతుల్ని చూసుకుంటున్నాడు. "నా కొడుక్కు నా చేత్తోనే గీసిన."

తిట్టినా బాగుండేది. సిగ్గుతో సగం చచ్చాను.

అసలు పైపు ఇప్పుడున్న గోడకు నాలుగడుగుల్లోనే ఉంది. బకెట్ తిరగడానికి గోడే అడ్డం.

"కూలగొట్టు బేటా," అన్నాను.

షారుఖ్ జేసీబీ ఎక్కాడు గానీ తాళం తిప్పలేదు.

"కూలగొడ్త సార్," అన్నాడు. "గోడ కింద ఏమేమున్నయో ముందు నిజం చెప్పుండ్రి."