ఎడమకు ఒరిగిన మూరెడు ఓడ

నేను ఒక ఓడను అని చెప్పుకోవడానికి ఇప్పటికీ కొంచెం జంకుతాను. మూరెడు పొడవు, రెండు తెరచాప మానులు, పిడికెడు దారం, జేబురుమాలంత చాప. ఉప్పునీరు ఎలా ఉంటుందో ఎరగను. అయినా నన్ను కట్టినవాడు సముద్రం మీదికి పోయే ఓడలు కట్టే మేస్త్రి. అందుకని నా మాట కూడా కాస్త వినండి.

నేను ముక్కలుగా పుట్టాను. ఎక్కడో చలిదేశంలో ఒక యంత్రం నన్ను పలుచని చెక్కలుగా కోసి, ఒక్కోదాని మీద ఒక అంకె అచ్చువేసి, అట్టపెట్టెలో సర్దింది. మొత్తం నూట ఎనభై రెండు ముక్కలు. వాటి మీద ఒక మడతల కాగితం పెట్టారు. ఏ ముక్క తర్వాత ఏ ముక్క అంటించాలో అందులో ఉంది. పెట్టెలో ఉన్నన్నాళ్లూ నాది ఒకటే బెంగ. కొన్నవాళ్లు సరదాగా పెట్టె విప్పి, సగం అంటించి, విసుగొచ్చి అటక మీదికి తోసేస్తారేమోనని. మనుషులకు మొదలుపెట్టడంలో ఉన్న ఉత్సాహం ముగించడంలో ఉండదని దుకాణంలో ఉండగానే విన్నాను.

నన్ను కొన్నవాడు ఒక విదేశీ విద్యార్థి. చెక్క ఓడలు కట్టే పద్ధతి చూడటానికి కాకినాడ దగ్గర కోరంగి వచ్చి, వారం రోజులు పేర్రాజు మేస్త్రి పక్కన కూర్చుని ఫోటోలు తీసుకున్నాడట. దేశం వెళ్లాక కృతజ్ఞతగా నన్ను పోస్టులో పంపాడు.

పెట్టె విప్పేదాకా మేస్త్రి భార్య మంగాయమ్మ అందులో మిఠాయి ఉందనే అనుకుంది.

“ఇదేంటండీ, పుల్లలు పంపాడు. మన కొట్టంలో పుల్లలకి కరువొచ్చిందని చెప్పారా ఏంటి?”

మేస్త్రి కూతురు లోవకుమారి ఆ ఇంట్లో మొదటి పట్టభద్రురాలు. తాళ్లరేవులో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. కాగితం ఆమే చదివింది.

“నాన్నా, ముందు పక్కటెముకలు నిలబెట్టాలంట. వాటికి గాడులు వాళ్లే కోసిచ్చారు, దూర్చెయ్యడమే. పలకలు తర్వాత.”

“ఎముకలు ముందేంటే? చొక్కా కుట్టకుండా గుండీలు కుట్టినట్టు. మన కోరంగిలో ముందు పలక, తర్వాతే ఎముక.”

“మనిషికి ముందు ఎముకలే కదా నాన్నా.”

“అందుకే మునిగిపోతాడు.”

మేస్త్రి పదకొండు పక్కటెముకలనూ, అంటే నా లోపలి వంపు చెక్కలను, ఖాళీ బిస్కెట్ డబ్బాలో వేసి మూత పెట్టాడు. కాగితాన్ని మడిచి గోడలో గూట్లో దోపాడు. ఆ ఎముకలు ముందు నిలబెడితే కళ్లు మూసుకుని కట్టినా నేను నిటారుగా వస్తాను. అవి లేకపోతే నాకు దిక్కు మేస్త్రి చూపు ఒక్కటే.

కోరంగి పద్ధతి ఇలా ఉంటుంది. అడుగుమాను పెట్టాక ఎడమ పక్క ఒక పలక, కుడి పక్క ఒక పలక వేస్తూ పోతారు. ప్రతి జతకూ మేస్త్రి ముందుకు వచ్చి, ఒక కన్ను మూసి, ముక్కు నుంచి తోక దాకా ఒక్క చూపు చూస్తాడు. ఆ చూపే కొలత. కాగితం లేదు, గీత లేదు. పేర్రాజు మేస్త్రి నలభై ఏళ్లుగా అలాగే కట్టాడు. ఒక్కటీ ఒరగలేదు.

అప్పుడు ఆయన కాలువ గట్టున తన కొట్టంలో తాతారావు అనే ఆసామికి వేటకు వెళ్లే ఓడ కడుతున్నాడు. పొద్దున్నే అక్కడికి వెళ్లి, ఎండ ముదిరాక ఇంటికొచ్చి, అన్నం తిని, మళ్లీ ఎండ తగ్గేదాకా గుమ్మంలో కూర్చుని నన్ను కట్టేవాడు. వేళ్లు మొద్దువే గాని అంత మెత్తగా నన్నెవరూ పట్టుకోలేదు. రెండు మూడు రోజులు నా బెంగ తగ్గింది కూడా.

తర్వాత ఒకటి కనిపెట్టాను. చూపు చూడాల్సి వచ్చినప్పుడు ఆయన ముందు ఎడమ కన్ను మూసేవాడు. అది ఆయన అలవాటు. ఒక్క క్షణం అలా ఉండి, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి, ఆ కన్ను తెరిచి కుడి కన్ను మూసేవాడు. నలభై ఏళ్లు కుడి కంటికి అలవాటు పడిన మెడ ఎడమ కంటికి లొంగేది కాదు. మెడ సాచి, తల వాల్చి, నానా తంటాలూ పడేవాడు. జిగురు చుక్క పలక మీద పడాల్సింది మోకాలి మీద పడేది.

“ఏంటండీ, కోడిపుంజులా ఆ మెడ తిప్పుడు?” అంది మంగాయమ్మ.

“పట్టేసిందే.”

“ఆముదం రాయనా?”

“రాయి.”

మూడు రోజులు లేని నొప్పికి ఆముదం రాయించుకున్నాడు గాని ఉన్న మాట చెప్పలేదు. మనుషులు ఇంతేనేమో. చెప్పలేని జబ్బు దాచుకోవడానికి చెప్పుకోదగ్గ జబ్బొకటి తెచ్చుకుంటారు.

అయిదో పలకకు నాకు తెలిసిపోయింది. నా ఎడమ పొట్ట గింజంత ఉబ్బింది. ఎనిమిదో పలకకు ఆ గింజ పెరిగింది. నేను ఒరిగితే ఏముంది, అలమరలో ఒరుగుతాను. నన్ను కుదురుగా ఉండనివ్వనిది వేరే ఆలోచన. ఈ కంటితోనే ఆయన పొద్దున్న పూట తాతారావు ఓడకు పలకలు వేస్తున్నాడు. దాని మీద ఎనిమిది మంది సముద్రంలోకి వెళ్తారు.

ఒక మధ్యాహ్నం తాతారావు ఇంటికే వచ్చాడు.

“మేస్త్రిగారండి, మాఘ పౌర్ణమి పోటుకి దింపేద్దామాండి? మా బావమరుదులు ముగ్గురూ ఇదే ఎక్కుతామని కూచున్నారండి. మా ఆవిడైతే ఇప్పట్నించే మొక్కులండి.”

“దింపుదాంలే.”

“ఇదేంటండి, నా ఓడ మానేసి చంటిపిల్లల ఓడ కడతన్నారు?”

“నీ ఓడకి చెల్లెలు.”

తాతారావు నన్ను చేతిలోకి తీసుకున్నాడు. చూడవయ్యా, ఎడమ వైపు చూడు, అని నాలో నేను ఎంతగా మొత్తుకున్నానో. అటూ ఇటూ తిప్పి, “ఎంతైనా మేస్త్రిగారి చెయ్యండి,” అని కింద పెట్టాడు. పేరున్నవాడు చేసిన పనిని ఎవరూ కళ్లతో చూడరు, పేరుతో చూస్తారు.

పలకలు అయ్యాక బిస్కెట్ డబ్బా మూత తీశారు. లోవ పక్కటెముకలు అందిస్తుంటే మేస్త్రి లోపల అమర్చసాగాడు. మొదటిది కుడి పక్క గట్టిగా కూర్చుంది. ఎడమ పక్క సందు మిగిలింది. రెండోదీ అంతే. పదకొండూ అంతే.

“నాన్నా, ముక్క రెండు పక్కలా ఒకటే కొలత. కుడి పక్క సరిపోయింది. ఎడమ పక్క నా చిటికెన వేలు దూరుతోంది.”

“మిషను తప్పు కోసుంటది.”

“పదకొండూనా?”

“ఆ దేశపోళ్ల మిషను గదా,” అని ఆ సందుల్లో చెక్క పేళ్లు కూరేశాడు.

పెద్ద ఓడకు ఈ చిక్కు లేదు. అక్కడ ఎముకను పలకకు తగ్గట్టు అక్కడికక్కడే చెక్కుతారు. పలక వంకరపోతే ఎముక కూడా ఆ వంకరకే అమరిపోతుంది. తప్పు పట్టే సాక్షి ఉండడు. ఈ సంగతి లోవకు ఆ క్షణంలోనే తట్టిందని నాకు అనుమానం.

తర్వాత మేస్త్రి నాకు కలాపత్తు కూడా పెట్టాడు. అంటే పలకల సందుల్లో నూనె పత్తి కూరి పైన గుగ్గిలం పూయడం. అలమరలో ఉండే ఓడకు అది అక్కర్లేదు. ఆయనకు అలా కట్టడమే వచ్చు.

ఆదివారం పొద్దున లోవ పెరట్లో టబ్బు నిండా నీళ్లు పట్టింది.

“నాన్నా, దీన్ని తేల్చు.”

“చూసుకునే ఓడని తేల్చడం దేనికే?”

“తేల్చని ఓడకి కలాపత్తు దేనికి పెట్టావు?”

మేస్త్రి నన్ను రెండు చేతులా పట్టుకుని నీళ్లలో వదిలాడు. ఎలాగోలా కూడదీసుకుని నిటారుగా నిలబడిపోదామని ఒక్క క్షణం నాకూ అనిపించింది. ఆయన ముఖం అలా ఉంది మరి. కానీ నీళ్లు మొహమాటపడవు. నేను మెల్లగా ఎడమకు వాలాను.

“టబ్బు పల్లంలో ఉందేమోనే,” అంది మంగాయమ్మ.

లోవ నన్ను అటు ముఖం ఇటు తిప్పింది. మళ్లీ నా ఎడమకే వాలాను. మేస్త్రి గొంతుక్కూర్చుని, కళ్లు రెండూ మూసుకుని, నా పొట్ట రెండు పక్కలా బొటనవేళ్లతో తడిమాడు. ఆ వేళ్లు అబద్ధం చెప్పలేవు. అవి ఎడమ పక్కకు వచ్చి ఆగిపోయాయి.

“ఎన్నాళ్ల నుంచి నాన్నా?”

“దసరాల నుంచి. కుడి కన్ను ముందు పొగ పెట్టినట్టుంటంది.”

“ఒక్క మాట చెప్తే ఏం పోయింది?”

“చూపు లేని మేస్త్రిని ఓడ చుట్టుపక్కలకి రానివ్వరమ్మా. తెడ్లు చెక్కుకోమంటారు.”

మంగాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోవ ఊరుకోలేదు.

“మరి తాతారావుగారి ఓడ?”

మేస్త్రి తువ్వాలు భుజాన వేసుకుని, నీళ్లోడుతున్న నన్ను చంకలో పెట్టుకుని బయల్దేరాడు. లోవ కొలతాడు తీసుకుని వెనకే వచ్చింది. గట్టు మీద ఆ పెద్ద ఓడను మొదటిసారి చూశాను. అప్పటికి నాలుగు ఎముకలే బిగించారు. ఎంత అందంగా ఉందో, ఎంత భయం వేసిందో చెప్పలేను. తాతారావు దాని పక్కనే ఉన్నాడు.

“తాతారావూ, ఎడం పక్క పై నాలుగు వరసలూ విప్పాలి.”

“అదేంటండి మేస్త్రిగారు? పౌర్ణమి ఇంక ఇరవై రోజులేనండి.”

“పౌర్ణమి మళ్లీ వస్తది. నాకు కుడి కన్ను కనపడ్డం లేదు. నువ్వు తాడు పట్టు, అమ్మాయి కొలుస్తది.”

నడిమి నుంచి కుడికి కొలిచారు, ఎడమకు కొలిచారు. లోవ రెండోసారి కొలిచింది. నాలుగు వేళ్ల తేడా. తాతారావు పక్కనున్న దుంగ మీద కూర్చుండిపోయాడు.

“మా బావమరుదులు ముగ్గురండి.”

“అందుకే చెప్తన్నాను.”

తాతారావు తిట్టి ఉంటే మేస్త్రికి తేలికగా ఉండేదేమో. తిట్టలేదు. మర్నాడు బలుసుతిప్ప నుంచి వేరే మేస్త్రిని తీసుకొచ్చాడు, అంతే. చూపు అతనిది, చెయ్యి పేర్రాజుది. తన కొట్టంలో తాను రెండోవాడిగా నిలబడి, వయసులో చిన్నవాడు “ఇంకొంచెం లోపలికి” అంటే లోపలికి కొట్టాడు. లోవ పట్టుబట్టి కాకినాడ తీసుకెళ్లి కంటికి ఆపరేషను చేయించింది. ఆలస్యం చేశారు, కొంత వస్తుంది, అంతా రాదు అన్నారట డాక్టర్లు.

నన్ను విప్పి కాగితం ప్రకారం మళ్లీ కడదామని లోవ అంది. “వద్దు, అలాగే ఉండనీ,” అన్నాడు మేస్త్రి. ఇంటికొచ్చినవాళ్లు నన్ను చూసి, “అయ్యో, ఒరిగిందే,” అంటారు. మంగాయమ్మ, “ఆ దేశపోళ్ల మిషనండి,” అని సర్దిచెబుతుంది. నేనేమీ అనుకోను.

తాతారావు ఓడ ఫాల్గుణ పౌర్ణమి పోటుకు దిగింది. మొదటి వేట అయిదు రోజులన్నారు. అయిదో రోజు దాటింది. ఆరో రోజు పొద్దున మేస్త్రి అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచిపోయాడు. నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు గాని నన్ను ముట్టుకోలేదు. ఆ రోజు మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ భయపడ్డారో నాకు తెలియదు.

మధ్యాహ్నం తాతారావు వచ్చాడు. ఒళ్లంతా నీచు వాసన, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మేస్త్రి కూర్చోమని కూడా అనలేదు.

“ఎటన్నా ఒరిగిందా?”

“లేదండి. నిన్న గాలికి ఓడని చాలా ఎత్తేసిందండి, అందుకే ఆలస్యం. ఒరగలేదండి.”

“మీ బావమరుదులు?”

“ఇంటికాడ నిద్దరోతన్నారండి. లేపినా లేవట్లేదండి.”

తాతారావు వెళ్లాక పేర్రాజు మేస్త్రి గుమ్మంలో చాప పరుచుకుని పడుకున్నాడు. నేను ఆ ఇంటికి వచ్చాక, ఆ వేళప్పుడు ఆయన నిద్రపోవడం అదే మొదటిసారి.