మూడో నంబరు

రేడియో మీద దుమ్ము తుడవడం నా పని, గుండీ నొక్కడం మా ఆయన పని. మూడేళ్ళుగా ఇంతే. "తుడువు గానీ ముట్టుకోకు" అంటాడు. ముట్టుకోకుండా ఎలా తుడవాలో ఆ మహానుభావుడే చెప్పాలి. "అది డిజిటల్ సరుకమ్మా, తేడా వస్తే మొత్తం చెరిగిపోతుందిట" అని అత్తయ్య వంత.

నేను పనిచేసే కుట్టు షెడ్డులో ఆడవాళ్ళం అరవైమంది. పూటకి ఒక్కసారే బాత్రూముకి వెళ్ళాలని మేస్త్రీ రూలు పెట్టాడు. దాని గురించి మాట్లాడమని ఒక చిన్న రేడియో స్టేషన్ వాళ్ళు వచ్చారు. అందరూ తలలు దించుకున్నారు, నేను మాట్లాడాను. శనివారం సాయంత్రం ఐదింటికి వేస్తామని చెప్పి, స్టేషన్ ఎక్కడొస్తుందో చీటీ మీద రాసిచ్చారు. ఇంట్లో ఈ సంగతి చెబితే ముందు నా ఉద్యోగం మాన్పిస్తారు. అందుకని ఆ స్టేషన్ ఒక్కటి పెట్టండని మాత్రం మా ఆయన్ని అడిగాను.

"మెమరీలో నంబర్లన్నీ నిండిపోయాయే. నీది పెట్టాలంటే నాదొకటి పీకాలి. పనీపాటా లేదా నీకు?"

పనీపాటా! పొద్దున్నే లేచి ఇంటెడు చాకిరీ చేసి, షెడ్డులో రెండు వందల కాలర్లు కుట్టి, మళ్ళీ వచ్చి అంట్లు తోమేదానికి పనీపాటా లేదట. మోటారు మిషను కాలి కింద పెట్టుకుని తోలేదాన్ని, వేలెడు గుండీకి భయపడుతున్నాను! నా మీద నాకే ఒళ్ళు మండింది.

శనివారం ఒంటిపూట. ఇంటికొచ్చి సొరుగులోంచి రేడియోతో వచ్చిన పుస్తకం తీశాను. స్టేషన్ దొరికేదాకా చక్రం తిప్పాలి. మెమరీ గుండీ నొక్కి పట్టుకోవాలి. నంబరు మిణుకుమంటుంటే కావలసిన నంబరుకి తిప్పి మళ్ళీ నొక్కాలి. ఇంతే. దీనికా ఇంత భాగోతం! తీరా మిణుకుమనేసరికి కంగారులో తిప్పకుండానే నొక్కేశాను. కీచుమంది. మూడో నంబరులో ఉండే ఆయన క్రికెట్ పోయి నా స్టేషన్ కూర్చుంది.

నాలుగున్నరకి వచ్చాడు. మూడు నొక్కాడు. ఎవరో ఆవిడ మాట్లాడుతోంది.

"ఏం చేశావే?"

"నొక్కాను."

"చెప్పానా లేదా ముట్టుకోవద్దని!"

"నేనూ చెబుతూనే ఉన్నా నాయనా" అంది అత్తయ్య.

గుండీలన్నీ నొక్కాడు. నొక్కినకొద్దీ చెమటలు. చివరికి ఫోన్ పట్టుకుని వసారాలోకి వెళ్ళాడు గానీ గొంతు వినబడుతూనే ఉంది. "అన్నా, ఆరోజు షాపులో నువ్వే కదా అన్నీ పెట్టిచ్చావ్... నాకెక్కడొచ్చు?... సోమవారమా?"

అత్తయ్య నోరు తెరిచింది. "ఒరే, అయితే నీకూ రాదుట్రా?"

నవ్వాగలేదు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాను. గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఏమీ రాని మనిషికా నేను మూడేళ్ళు భయపడి చచ్చింది!

"పుస్తకం చూశావుగా. నువ్వే పెట్టు" అన్నాడు మెల్లిగా, రేడియో పక్కన తెరిచున్న పుస్తకం చూస్తూ.

"ఇరవై నంబర్లున్నాయి. షాపాయన పదే నింపాడు. మీ క్రికెట్ పదకొండులో పెడతా. మూడు నాది."

క్రికెట్ పదకొండులో పెట్టి, మళ్ళీ మూడు నొక్కాను. ఐదయింది. రేడియోలో ఒక గొంతు మొదలైంది: షెడ్డు, మేస్త్రీ, పూటకి ఒక్కసారి. ఎక్కడా తడబాటు లేదు. ఆయన నా వంక చూశాడు.

"ఇది నీ గొంతులా ఉందేంటి?"

"నాదే. సౌండు పెంచండి. కుడివైపు గుండీ."